నిప్పురవ్వను నిలుపుట

అగ్గిపెట్టె నేడు ఇంటింటను కలదు. పుల్ల గీచినంతనే మంట లభించును. గీచిన మాత్రమున మండు పుల్లలను ఆంగ్లదేశమున జాన్ వాకర్ అను మందుల వర్తకుడు 1827లో అమ్మకమునకు పెట్టెను. అంతకు పూర్వము మానవుడు నిప్పుకై ఎంతయో శ్రమపడవలసి వచ్చెడిది.

చెకుముకి రాతితో ఉక్కును కొట్టినచో రవ్వలు రాలును. రాతి పదునైన అంచు ఉక్కునుండి సన్నని రజనును చెక్కును. ఆ రజను రాపిడిచే వేడెక్కి గాలిలో మండును. అదియే నిప్పురవ్వ. కాని అది రెప్పపాటులో చల్లారిపోవును. కట్టెపై పడినను కట్టె అంటుకొనదు. కావున రవ్వను పుట్టించుటకంటె దానిని నిలుపుటయే కష్టము.

ఈ సంగతిని ప్రాచీనులు చక్కగా నెరుగుదురు. 1991లో ఆస్ట్రియా, ఇటలీ దేశముల సరిహద్దున ఆల్ప్స్ పర్వతముల మంచులో ఒక మనుష్యుని శరీరము బయటపడెను. అతడు సుమారు 5300 ఏండ్ల క్రిందటివాడు. అతని నడుమునకున్న తిత్తిలో చెట్ల మానులపై పెరుగు ఒక జాతి పుట్టగొడుగు పదార్థము కనబడెను. రవ్వను పట్టుటకే అతడు దానిని వెంట నుంచుకొనెనని శాస్త్రజ్ఞులు గ్రహించిరి. మంచుకొండలలో తిరుగువానికి నిప్పే ప్రాణము గదా!

అట్టి సాధనమును మనము పాతగుడ్డతో చేసికొనవచ్చును. శుభ్రమైన నూలుగుడ్డను రెండంగుళముల ముక్కలుగా కత్తిరింపవలెను. కృత్రిమ దారముల వస్త్రము పనికిరాదు. అది కరగి ముద్దయగును. ముక్కలను మూతగల రేకుడబ్బాలో వదులుగా పేర్చి, మూతకు మేకుతో సన్నని రంధ్రము చేసి, ఆరుబయట నిప్పులపై నుంచవలెను. కొంతసేపటికి రంధ్రమునుండి పొగ వెడలును. పొగ ఆగినంతనే డబ్బాను పటకారుతో తీసి, రంధ్రమును పుల్లతో మూయవలెను. పూర్తిగా చల్లారువరకు మూత తెరువరాదు. తొందరపడి తెరచినచో గాలి సోకి గుడ్డ బూడిదయగును.

డబ్బాలో గాలి చాలనందున గుడ్డ మండదు. అందలి వాయువులు పొగయై పోగా బొగ్గు మాత్రము మిగులును. ఈ నల్లని గుడ్డపై చిన్న రవ్వ పడినను ఎఱ్ఱని చుక్కవలె నిలిచి, మెల్లమెల్లగా వ్యాపించును. ఎండుగడ్డిని, కొబ్బరిపీచును పిచ్చుకగూడువలె చుట్టి, దాని నడుమ ఈ గుడ్డనుంచి నెమ్మదిగా ఊదవలెను. పొగ దట్టమై మంట లేచును. పిదప సన్నని పుల్లలను, ఆ తరువాతనే లావు కట్టెలను పేర్చవలెను. మొదటనే దుంగను పెట్టినవాడు నిప్పును చంపుకొనును.

బాలలారా! ఈ పనిని పెద్దల సమక్షముననే చేయుడు. వేసవిలో ఎండుటాకుల నడుమ నిప్పు రాజేయకుడు. వెడలిపోవునపుడు నీరు పోసి, బూడిదను కలియబెట్టి, మరల నీరు పోయుడు. పైకి చల్లగా కనబడినను నివురుగప్పిన నిప్పు అడవినే దహింపగలదు. నిప్పును రాజేయ నేర్చినవాడు దానిని ఆర్పుటయు నేర్వవలెను.