సందేహాలు - సమాధానాలు: కార్డు బాకీకి ఇల్లు తాకట్టు పెట్టొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా క్రెడిట్ కార్డుల గురించే. అందరికీ సొంతిల్లు ఉంది, ఎవరి చేతిలోనూ డబ్బు లేదు. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. అడిగినవారి పేర్లు వేయడం లేదు.

నాకు ప్రైవేటు కంపెనీలో నెలకు 72,000 జీతం చేతికొస్తుంది. ఇంటి లోను వాయిదా 21,400. ఇంకా 19 లక్షలు బాకీ. ఇల్లు ఇప్పుడు 70 లక్షలు చేస్తుంది. నాన్నగారి గుండె ఆపరేషన్, ఇంట్లో కబోర్డుల పని కలిసి నాలుగు కార్డుల మీద 7,80,000 అయింది. ఏడాదిన్నరగా మినిమం డ్యూ కడుతూనే ఉన్నాను, అప్పు మాత్రం తరగడం లేదు. ఇంటి మీద టాప్-అప్ లోను ఇస్తామని బ్యాంకు వాళ్లే ఫోన్ చేస్తున్నారు. మా ఆవిడ వద్దంటోంది. ఏం చేయమంటారు?
- విజయవాడ పాఠకుడు

ముందు అప్పు ఎందుకు తరగడం లేదో చూద్దాం. మీ కార్డుల వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుందాం. మన ఊళ్ల లెక్కలో నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. ప్రామిసరీ నోటు మీద ఎవరైనా ఆ వడ్డీ అడిగితే గుమ్మం దిగి వచ్చేసేవారు. 7,80,000 మీద నెల వడ్డీ 27,300. దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 4,914. మీరు కట్టే మినిమం సాధారణంగా బాకీలో 5 శాతం, అంటే 39,000. అందులో అసలుకు జమయ్యేది దాదాపు 6,800 మాత్రమే. జీతంలోంచి ఇంటి వాయిదా, ఈ మినిమం పోగా మీ చేతిలో మిగిలేది 11,600. దాంతో ఇల్లు గడవదు కాబట్టి సరుకులు, పెట్రోలు, పిల్లల ఫీజు మళ్లీ కార్డు మీదే. పాత బాకీ ఉండగా కొత్తగా గీకిన దానికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. తరిగిన ఆరేడు వేలు అక్కడికక్కడే భర్తీ అయిపోతున్నాయి.

ఈ వడ్డీని కోర్టు తగ్గిస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఏడాదికి 30 శాతం మించి వసూలు చేయడం అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

ఇక టాప్-అప్. 8 లక్షలు పది శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే నెల వాయిదా 13,280 దాకా అవుతుంది. 39,000 కట్టేచోట 13,280. ఇంటి వాయిదాతో కలిపినా జీతంలో సగం దాటదు. లెక్క ప్రకారం ఇది మంచి బేరమే, మీ జీతం నిలకడగా ఉంటే నేను తీసుకోమనే అంటాను. కానీ మీ ఆవిడ వద్దనడంలో విషయం ఉంది. కార్డు బాకీకి తాకట్టు ఏమీ లేదు. టాప్-అప్ తీసుకున్న రోజు నుంచి ఆ కబోర్డుల బాకీ కూడా ఇంటి పత్రాల మీదకి ఎక్కుతుంది. రేపు ఉద్యోగం పోతే కార్డు వాడు ఫోన్లు చేస్తాడు, ఇల్లు తాకట్టు పెట్టుకున్న బ్యాంకు ఇల్లు అమ్ముతుంది.

అందుకే కొన్ని షరతుల మీద తీసుకోండి. బ్యాంకు మీకు పదిహేనేళ్ల గడువు చూపించి వాయిదా 8,600 మాత్రమే అని ఊరిస్తుంది. ఒప్పుకుంటే 8 లక్షలకు వడ్డీయే ఏడున్నర లక్షల దాకా కడతారు. ఏడేళ్లకైతే మూడు లక్షల పైచిలుకు. ఏడేళ్లు మించవద్దు. ఫ్లోటింగ్ రేటు మీదే తీసుకోండి. సొంత అవసరానికి తీసుకున్న ఫ్లోటింగ్ అప్పును ముందే తీర్చినా జరిమానా ఉండదు కాబట్టి బోనస్ వచ్చినప్పుడల్లా అసలుకు జమ చేయొచ్చు. డబ్బు చేతికొచ్చిన రోజే నాలుగు కార్డులూ కట్టేసి, మూడింటిని రాతపూర్వకంగా రద్దు చేయించండి. బాకీ లేని కార్డును మీరు అడిగిన ఏడు పనిదినాల్లో మూసేయాలి, ఆలస్యమైతే రోజుకు 500 చొప్పున మీకే చెల్లించాలి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ఇది. కార్డులు రద్దు చేయకుండా టాప్-అప్ తీసుకున్నవాళ్ల మాట వేరు. రెండేళ్లలో వాళ్లకు టాప్-అప్పూ ఉంటుంది, కార్డుల బాకీ కూడా మళ్లీ తయారవుతుంది. కార్డులు రద్దు చేసి దూరంగా ఉండగలనన్న నమ్మకం మీకు లేకపోతే టాప్-అప్ జోలికే వెళ్లకండి.

ఇంకో మాట. ఒక్క వాయిదా కూడా తప్పకముందే అడగాలి. రెండు నెలలు మినిమం ఎగ్గొట్టి, సిబిల్ స్కోరు పడిపోయాక వెళితే ఇప్పుడు వెంటపడి ఫోన్ చేస్తున్న బ్యాంకే ముఖం చాటేస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు, వాల్యుయేషన్, అదనపు తాకట్టు రిజిస్ట్రేషన్ ఖర్చు ఎంతో ముందే రాయించుకోండి. కార్డులు కట్టడానికి వాడిన టాప్-అప్ మీద ఇంటి లోను వడ్డీకిచ్చే పన్ను రాయితీ రాదు.

ఇంట్లో బంగారం ఉంటే దాని మాటేమిటని ఉత్తరంలో మీరు రాయలేదు, బహుశా అడిగే ధైర్యం చాలలేదేమో. బ్యాంకులో బంగారం కుదువ పెట్టి ముందు ఒకటి రెండు కార్డులు తీర్చగలిగితే టాప్-అప్ ఆ మేరకు తగ్గుతుంది. అన్నీ వికటించినా పోయేది గాజులు, గొలుసులు, ఇల్లు కాదు. అయితే గోల్డ్ లోను గడువు చాలాచోట్ల ఏడాదే, ఆ లోపు విడిపించే దారి ఉంటేనే. పాడుకోని చీటీ ఉన్నా అంతే. ఎంతకు పాడితే ఎంత నష్టమో లెక్కేసి, కార్డు వడ్డీకంటే తక్కువైతే పాడేయండి.

మా వారికి ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైంది. ఆయన కార్డుల మీద 5 లక్షల బాకీ, ఐదు నెలలుగా ఏమీ కట్టలేదు. ఇల్లు ఆయన పేరనే ఉంది, దాని మీద ఏ అప్పూ లేదు. వచ్చే వారం ఇంటికి తాళం వేసి వేలం వేస్తామని ఏజెంట్లు బెదిరిస్తున్నారు. ఇల్లు నా పేర గిఫ్ట్ డీడ్ చేయించమని మా బావగారు అంటున్నారు. ఒక ఫైనాన్స్ ఆయన ఇల్లు తాకట్టు పెట్టుకుని అప్పు ఇస్తానంటున్నాడు. భయంగా ఉంది.
- హనుమకొండ పాఠకురాలు

వచ్చే వారం మీ ఇంటికి ఎవరూ తాళం వేయలేరమ్మా. కోర్టు మెట్లెక్కకుండా ఇల్లు స్వాధీనం చేసుకునే అధికారాన్ని 2002 నాటి సర్ఫేసీ చట్టం బ్యాంకులకు ఇచ్చింది. కానీ అది తాకట్టు పెట్టిన ఆస్తికే వర్తిస్తుంది. మీ ఇల్లు ఎవరికీ తాకట్టు లేదు. కార్డు బ్యాంకు దావా వేయాలి, డిక్రీ తెచ్చుకోవాలి, ఆ తర్వాత అమలు పిటిషన్ వేసి జప్తు అడగాలి. అంత దూరం వెళితే మాత్రం ఇల్లు జప్తు కావచ్చు. వ్యవసాయం చేసుకు బతికే రైతు కాపురముండే ఇంటికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఇచ్చిన రక్షణ ఉద్యోగుల ఇళ్లకు లేదు. కాబట్టి భయం అక్కర్లేదు గానీ కోర్టు నుంచి సమన్లు వస్తే తీసుకోకుండా ఉండకండి. హాజరు కాకపోతే మీ వాదన వినకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ అవుతుంది. లోక్ అదాలత్ నోటీసు వస్తే అది అరెస్టు వారెంటు కాదు, రాజీకి పిలుపు. కార్డు బాకీ కట్టలేకపోవడం నేరం కాదు. ఏజెంటు అడిగాడని చెక్కు మాత్రం రాసి ఇవ్వకండి, అది బౌన్సయితే క్రిమినల్ కేసు.

గిఫ్ట్ డీడ్ వద్దు. మీ బావగారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. అప్పులవాళ్లకు అందకుండా చేయడానికి రాసిన దస్తావేజును ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద కోర్టులో కొట్టేయించవచ్చు. బాకీ పడ్డాక భార్య పేర ఉచితంగా రాస్తే ఉద్దేశం ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఖర్చు దండగ.

ఆ ఫైనాన్స్ అప్పు అంతకంటే వద్దు. పైన విజయవాడ ఆయనకు తీసుకోమని చెప్పి మీకెందుకు వద్దంటున్నానంటే, ఆయనకు నెల నెలా జీతం వస్తోంది. ఇంట్లో ఆదాయమే లేనప్పుడు ఆ వాయిదా దేంతో కడతారు? ఆర్నెల్లలో ఇదే ఉత్తరం మళ్లీ రాస్తారు, అప్పటికి ఇల్లు తాకట్టులో ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సింది చిన్న పని. ఉద్యోగం పోయిన కాగితం జత చేసి, ప్రతి కార్డు బ్యాంకుకూ మీ వారి చేత ఈమెయిల్ పెట్టించండి. బాకీని తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్చమని, ఉద్యోగం వచ్చేదాకా నెలకు ఎంత కట్టగలరో అంకెతో సహా రాయండి. అదే బ్యాంకులో సేవింగ్స్ ఖాతా ఉంటే అందులో డబ్బు నిల్వ ఉంచకండి. సొంత ఖాతాలోంచి బాకీకి జమ కట్టుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది. ఇంట్లో ఒక పోర్షన్ అద్దెకివ్వగలిగితే, ఆ అద్దెతో ఈమెయిల్‌లో ఇచ్చిన మాట నిలబెట్టుకోవచ్చు.

ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బంధువులకు, ఇరుగుపొరుగుకు చెప్పి పరువు తీయకూడదు. చేస్తే తేదీ, టైము, నంబరు రాసిపెట్టి ముందు బ్యాంకుకే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు ఆంబుడ్స్‌మన్‌కు పైసా ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు. ఎలాగో చెప్పే నంబరు 14448.

కార్డుల వాళ్ల వేధింపు భరించలేక రెండు నెలలుగా హోమ్ లోను ఆపి కార్డులకు కడుతున్నాను. ఇప్పుడు ఒక కార్డు బ్యాంకు 3 లక్షల బాకీకి లక్షా ముప్పై వేలు కడితే సెటిల్ చేస్తామంటోంది. ఒప్పుకోనా?
- తిరుపతి పాఠకుడు

సెటిల్‌మెంట్ సంగతి తర్వాత. ఈ నెల జీతం రాగానే ఆపిన ఇంటి వాయిదాలు కట్టండి. అరిచేవాడికి ముందు కట్టడం మనిషి సహజం, కానీ అరవకుండా ఊరుకున్నవాడి దగ్గరే మీ ఇంటి పత్రాలున్నాయి. వాయిదా 90 రోజులు దాటితే మీ హోమ్ లోను మొండి బాకీ (ఎన్‌పీఏ) అవుతుంది. ఆపైన సర్ఫేసీ నోటీసు ఇస్తారు, 60 రోజుల్లో తీర్చకపోతే స్వాధీనానికి రావచ్చు. మూడో నెలలో పడకముందే మేలుకున్నారు. నయం.

సెటిల్‌మెంట్ ఒప్పుకుంటే సిబిల్ రిపోర్టులో ఆ కార్డు ఎదురుగా 'క్లోజ్డ్' అని కాక 'సెటిల్డ్' అని పడుతుంది. ఏళ్ల తరబడి కొత్త అప్పు దొరకదు. మీకు అంతకంటే నష్టం ఏమిటంటే, హోమ్ లోనును తక్కువ వడ్డీ ఇచ్చే బ్యాంకుకు మార్చుకునే దారి మూసుకుపోతుంది, టాప్-అప్ కూడా రాదు. వచ్చే ఏడాదిలో మొత్తం తీర్చగలిగే మార్గం ఉంటే సెటిల్ చేయవద్దు, వాయిదాలుగా మార్చమని అడగండి. లేదంటే, మూడు లక్షలు ఎప్పటికీ కట్టలేననుకుంటే, ఒప్పుకోండి. స్కోరు కోసం ఇల్లు పణంగా పెట్టనక్కర్లేదు.

ఫోన్లో చెప్పినదానికి విలువ లేదు. బ్యాంకు లెటర్‌హెడ్ మీద మొత్తం, గడువు, ఇక బాకీ లేదన్న మాట ఉన్న ఉత్తరం వచ్చాకే కట్టండి. డబ్బు కార్డు ఖాతాకే పోవాలి, ఏజెంటు ఫోన్‌పేకి కాదు. తర్వాత నో డ్యూ సర్టిఫికెట్ అడగండి. మీ అప్పు సగానికి తగ్గిస్తామని ముందే ఫీజు గుంజే కంపెనీలకు దూరంగా ఉండండి. వాళ్లు చేసే పని మీరే ఒక ఈమెయిల్‌తో చేయగలరు.

కిరాణా హోల్‌సేల్ వ్యాపారం దెబ్బతింది. కార్డులు, చేబదుళ్లు కలిసి 31 లక్షలు. 60 లక్షల ఇల్లుంది. ఐపీ పెట్టేయమని స్నేహితులు సలహా ఇస్తున్నారు.
- రాజమహేంద్రవరం పాఠకుడు

మీ స్నేహితులు ఐపీ (దివాలా పిటిషన్) అంటే అప్పులు మాఫీ అనుకుంటున్నట్టుంది. 2016 దివాలా కోడ్‌లో వ్యక్తులకు సంబంధించిన భాగం ఇప్పటిదాకా కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఉన్నవారికే అమల్లోకి వచ్చింది. మీలాంటి వారు వెళ్లాల్సింది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే. కోర్టు మిమ్మల్ని ఇన్సాల్వెంట్‌గా ప్రకటించిన రోజు నుంచి ఇల్లు మీది కాదు, రిసీవరు చేతిలోకి పోతుంది. అంతకు ముందు రెండేళ్లలో ఎవరికైనా ఊరికే రాసిచ్చిన ఆస్తినీ, మూడు నెలల్లో ఒక్క అప్పులవాడినే మెప్పించడానికి కట్టినదాన్నీ వెనక్కి లాగవచ్చు. ఐపీ ఆస్తి లేనివాడికి ఊపిరి. అప్పుకు దాదాపు రెట్టింపు ఆస్తి ఉన్న మీకు అందులో కలిసొచ్చేది ఏమీ లేదు.

మీరే ఇల్లు అమ్మండి. బాధగా ఉంటుందని తెలుసు, కానీ మీరు తీరిగ్గా బేరమాడి అమ్మితే వచ్చే ధరకూ వేలంలో వచ్చే ధరకూ లక్షల తేడా ఉంటుంది. అప్పులు పోగా మిగిలినదాంతో చిన్న ఫ్లాటు కొనుక్కోవచ్చు. ముందు ఆడిటరును కలవండి. ఇల్లు అమ్మిన డబ్బు అప్పులకు కట్టినా లాభం మీద పన్ను మాఫీ కాదు. రెండేళ్లలో మరో ఇల్లు కొంటే, దానికి పెట్టిన మేరకు మినహాయింపు ఉంది. ఆ పన్ను సొమ్ము పక్కన తీసిపెట్టాకే బాకీలు పంచండి. కార్డులవాళ్లను చివర పిలవండి, ఒకేసారి కడతానంటే వడ్డీ, జరిమానాల్లో బాగా తగ్గుతారు. చేబదులు ఇచ్చినవాళ్లకు కట్టినప్పుడు నోటు వెనక్కి తీసుకుని, చెల్లు రాయించుకుని మరీ కట్టండి.