అలారం మోగితే ముందు బయటికి, కారణం తరువాత

– ఎం.ఎస్సీ. (రసాయన శాస్త్రం), పూర్వ విద్యార్థి

వార్షికోత్సవ సంచికకు సైన్సు పాఠం ఒకటి రాయమన్నారు. మా ఇంట్లో జరిగినదే పాఠంగా రాస్తున్నాను.

నన్ను చదివించడానికి పదో తరగతితో చదువు మానేసిన మా అన్న, హైదరాబాదులో సినిమా షూటింగులకు క్యారవాన్ నడుపుతాడు. క్యారవాన్ అంటే చక్రాల మీద చిన్న ఇల్లు. అందులో మంచం, ఏసీ, బాత్‌రూము, కరెంటు కోసం జనరేటరు ఉంటాయి. కొన్నింటిలో గ్యాసు పొయ్యి కూడా ఉంటుంది. అమెరికాలో ఇలాంటి బండ్లలో కుటుంబాలు రోజుల తరబడి విహారయాత్రలు చేస్తాయి.

నేను బి.ఎస్సీ. రెండో సంవత్సరంలో ఉండగా ఒకనాటి ఉదయం అన్న ఫోను చేశాడు. "తల్కాయ పగులుతుంది రా, వాంతికి వచ్చినట్టుంది. రాత్రి తిన్నది పడలేదేమో" అన్నాడు. జనరేటరు నడుస్తుండగా బండిలోనే పడుకున్నాడట. "గోడకున్న డబ్బా ఒకటే కుయ్ కుయ్ మంటుంటే నిద్ర పడ్తలేదని వైరు పీకేసిన" అని నవ్వాడు. తరువాత ఉక్కగా ఉందని బయటికొచ్చి మెట్ల మీదే నిద్రపోయాడు. అదే అతణ్ణి బతికించింది. కెమిస్ట్రీ చదువుతున్న నేనేమన్నాను? "టీ తాగి గోలీ వేసుకో" అన్నాను!

2024 డిసెంబరు 23న కేరళలోని వడకరలో, రోడ్డు పక్కన ఆగి ఉన్న క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ బండి అడుగున ఉన్న సందులోంచి లోపలికి చేరిందని పరీక్షలో తేలింది. ఆ వార్త చదివిన రోజు అన్న నవ్వు గుర్తొచ్చి నాకు నిద్ర పట్టలేదు.

రెండు వాయువులు – రెండు స్వభావాలు

వంటగ్యాసులో ప్రొపేన్, బ్యూటేన్ ఉంటాయి. గాలి కంటే ప్రొపేన్ సుమారు ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. అందుకే లీకైన గ్యాసు నేల మీదికి దిగి నిలుస్తుంది. గ్యాసు అలారాన్ని నేలకు దగ్గరగా బిగించేది ఇందుకే. మనకు తెలిసే ఘాటు వాసన గ్యాసుది కాదు, లీకు తెలియడానికి కలిపే ఇథైల్ మెర్‌కాప్టాన్‌ది. గాలిలో గ్యాసు 2 శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది.

కార్బన్ మోనాక్సైడ్ వేరు. ఇంధనం సరిగా కాలనప్పుడు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, మత్తు వస్తాయి. నిద్రలో ఉన్నవాడికి అవీ తెలియవు. అమెరికా ప్రమాణం ప్రకారం ఈ వాయువు పది లక్షల భాగాల గాలిలో 70 భాగాలుంటే అలారం ఒకటి నుంచి నాలుగు గంటల లోపు, 400 భాగాలుంటే 4 నుంచి 15 నిమిషాల లోపు మోగాలి. అంటే మనకు ఇంకా బాగానే ఉన్నట్టు అనిపించినా అలారం చెప్పేది నిజమే కావచ్చు.

అలారం మోగితే చేయవలసినవి

1. అందరినీ లేపి బయటికి రావాలి. తలుపు తెరిచే ఉంచాలి. బయట మనుషుల్ని లెక్కపెట్టుకోవాలి.

2. గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చూ వేయరాదు, ఆపరాదు. రెండింటిలోనూ నిప్పురవ్వ పుట్టవచ్చు. అగ్గిపుల్ల గీయరాదు. సిలిండరు బయట ఉండి, చేయి అందితేనే వాల్వు కట్టాలి.

3. తలనొప్పి, వికారం ఉంటే "గోలీతో పోతుంది" అనుకోవద్దు. ఆస్పత్రిలో కార్బన్ మోనాక్సైడ్ అనుమానం ఉందని చెప్పాలి. ఆక్సిజన్ పెట్టడమే ముఖ్య చికిత్స.

4. ఫోను బయటికి వచ్చాకే చేయాలి. మన దేశంలో గ్యాసు లీకుకు 1906, అంబులెన్సుకు 108. అమెరికాలో ఉన్న మన పూర్వ విద్యార్థులకు 911.

5. కిటికీలు తెరిస్తే అలారం ఆగవచ్చు. ప్రమాదం ఆగినట్టు కాదు. ఎక్కడి నుంచి వస్తోందో తేలి, బాగుచేసేదాకా లోపల పడుకోరాదు.

6. నిమిషానికోసారి ఒక్క చిన్న కూత వస్తే సాధారణంగా బ్యాటరీ అయిపోయిందనో, పరికరం కాలం తీరిందనో అర్థం. కొత్తది వేయాలి, వైరు పీకరాదు. అనుమానం ఉంటే ముందు బయటికి రావాలి.

తమ్ముళ్లారా! మనకు క్యారవాన్లు లేకపోవచ్చు. హాస్టలు వంటగదిలో సిలిండర్లున్నాయి. చలికాలం తలుపులు బిగించుకుని బొగ్గుల కుంపటి పెట్టుకునే ఇళ్లు మన ఊళ్లలో ఉన్నాయి. ఆ కుంపటి నుంచి వచ్చేదీ ఇదే విషం.

ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో అన్న బండికి కొత్త అలారం కొనిచ్చాను. ఇప్పుడు జనరేటరు ఆపాకే నడుం వాలుస్తున్నాడు. మన ఇళ్లలో మొదట చదువుకున్నది మనమే. నేర్చిన పాఠం పరీక్షలో రాసి ఊరుకుంటే మార్కులొస్తాయి. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలకు చెప్పండి, ప్రాణాలు నిలుస్తాయి.