గోడకు అవతల కూడా ఇల్లే

ఇల్లు మనది, స్థలం మనది, కాగితాలు మన పేరనే ఉన్నాయి. అంతమాత్రాన అందులో ఏమైనా చేసుకోవచ్చా? చేసుకోకూడదంటుంది న్యాయం. మన స్థలంలో జరిగే పని పొగగానో, దుమ్ముగానో, మోతగానో, మురుగునీరుగానో గోడ దాటి, పక్కవారు తమ ఇంట్లో సుఖంగా ఉండలేని పరిస్థితి తెస్తే దానిని ప్రైవేటు న్యూసెన్స్ అంటారు. ఊరందరికీ కలిగే ఇబ్బంది పబ్లిక్ న్యూసెన్స్. దాని దారి వేరు.

ప్రైవేటు న్యూసెన్స్‌కు మన దేశంలో సెక్షన్లుగా రాసిన ప్రత్యేక చట్టం లేదు. ఇంగ్లండు తీర్పుల ఆధారంగా మన కోర్టులు దీనిని అమలు చేస్తున్నాయి. అందుకే మూడు తీర్పులు చూద్దాం.

1889లో ఇంగ్లండులో ఒక కేసు వచ్చింది. కింది అంతస్తులో ఒకరు తమ పని కోసం గదిని వేడిగా ఉంచేవారు. ఆ వేడికి పై అంతస్తులో నిల్వ చేసిన ఒక ప్రత్యేక రకం కాగితం పాడైంది. పై అంతస్తువారు దావా వేసి ఓడిపోయారు. మామూలు కాగితానికి ఆ వేడి హాని చేయదు, సరుకే మరీ సున్నితమైనది అని కోర్టు తేల్చింది.

1982లో అలహాబాదు హైకోర్టు చెప్పిన తీర్పు చూడండి. ఒక డాక్టరు గారి క్లినిక్ దగ్గర ఇటుకలను పొడి చేసే యంత్రం పెట్టారు. దుమ్ము లోపలికి వచ్చి బట్టల మీద ఎర్రగా పేరుకునేది. ఇక్కడ డాక్టరు గారే గెలిచారు.

రెండింటిలోనూ కొలబద్ద ఒకటే: సామాన్య మనిషి. అతడు సర్దుకోగలిగే చిన్న చిరాకు న్యూసెన్స్ కాదు. భరించలేనిదైతే అవుతుంది.

"మేం ముందునుంచీ ఉన్నాం, మీరే తర్వాత వచ్చారు" అనే వాదన కూడా నిలవదు. 1879లో ఇంగ్లండులో, ఒక మిఠాయి తయారీదారు 20 ఏళ్లకు పైగా వాడుతున్న దంపుడు రోళ్ల మోత మీద, ఆ తర్వాత పక్కన గది కట్టుకున్న డాక్టరు వేసిన దావా నెగ్గింది.

బాధితులు సివిల్ కోర్టులో ఆ పని ఆపమని ఇంజంక్షన్, జరిగిన నష్టానికి పరిహారం కోరవచ్చు. అంతకంటే ముందు పక్కవారితో మాట్లాడాలి. వినకపోతే ఇబ్బందిని కాగితం మీద రాసి ఇవ్వాలి. తేదీలు, ఫొటోలు దాచుకోవాలి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. అక్కడ ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే వెలువడే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. దానిపై అప్పీలు ఉండదు.

కోర్టు ఆర్డరు దుమ్మును ఆపగలదు కాని, తెగిన మాటలను కలపలేదు. కనుక జనరేటరు పెట్టించే ముందు, తూము వదిలే ముందు ఒక్కసారి గోడకు అవతల నిలబడి చూద్దాం. అక్కడ మన ఇల్లే ఉంటే ఒప్పుకుంటామా? ఒప్పుకోలేమనిపిస్తే చోటు మార్చడానికి అదే సమయం.