పడకలోని ధూళిపురుగు

బొంతలయందును దిండ్లయందును కంటికి కానరాని ధూళిపురుగులు కాపురముండును. ఇవి సాలెపురుగు జాతికి దగ్గఱివి. మన మేనినుండి రాలు పొట్టు వీని యాహారము. నీరు త్రాగనేరవు, గాలిలోని తేమనే గ్రహించును. అందుచే పడకను మండుటెండలో తిరుగవేయుచు నారవేసినచో నెండి చచ్చును. గాండ్లపెంట సీమలో ఎండకు కొదవ లేదుగదా! మన యవ్వలు కారణ మెఱుగకయే యీ పని చేయుచుండిరి.

అయినను పురుగు చచ్చినంతనే యుబ్బసము తగ్గదు. 1964లో హాలండు దేశపు లైడెన్ నగర శాస్త్రజ్ఞులు ఇంటిధూళిలోని దోషమునకు ఈ పురుగే మూలమని తెలిపిరి. రోగిని ముఖ్యముగ బాధించునది దాని మలము. అది యెండకు నశింపదు. కావున ఆరిన బొంతను వెలుపల దులిపి, దుప్పట్లను వారమున కొకతూరి 60 సెంటిగ్రేడు డిగ్రీల వేడినీట నుతుకవలెను. దులుపు పని మాత్రము ఉబ్బసముగలవారికి అప్పగింపరాదు.