వేరుశనగ తెగులుకు ఊరంతా కలిసి పటం గీయండి

వేరుశనగ చేలో మొవ్వు మాడిన మొక్క కనబడగానే ఒక రైతు విత్తనం అమ్మినవాణ్ణి తిడతాడు. పక్క చేను ఆయన మందు సరిగా కొట్టలేదంటాడు. మూడో ఆయన వానమీదికి తోస్తాడు. ఎవరి గట్టు లోపల వాళ్లు నిలబడి చూస్తే ఎవరి మాటా తప్పనిపించదు. చేలన్నీ ఒకే కాగితం మీదికి తెస్తేనే తెగులు ఏ వైపు నుంచి వస్తోందో తెలుస్తుంది.

2000 ఖరీఫ్‌ను అనంతపురం జిల్లాలో పెద్ద వయసు రైతులు మరిచిపోయి ఉండరు. సుమారు 2.25 లక్షల హెక్టార్లలో వేరుశనగ దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. మొదట మొవ్వుకుళ్లు అనుకున్నారు, చూడ్డానికి అలాగే ఉంటుంది మరి. పరీక్షల్లో అది పొగాకు స్ట్రీక్ వైరస్ వల్ల వచ్చే కాండంకుళ్లు తెగులని తేలింది. దీని పుట్టిల్లు చేలో లేదు, గట్టు మీది వయ్యారిభామలో ఉంది. ఆ మొక్కలో వైరస్ ఉన్నా పైకి ఏ లక్షణమూ కనిపించదు. దాని పుప్పొడి గాలికి కొట్టుకొచ్చి, తామర పురుగుల ఒంటికి అంటుకొచ్చి వేరుశనగ ఆకుల మీద పడుతుంది. పురుగు గీకిన గాయం గుండా వైరస్ లోపలికి పోతుంది.

పటం గీసి రోగం జాడ పట్టడం పాత పద్ధతే. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చావులను వీధుల పటం మీద గుర్తు పెట్టాడు. గుర్తులు ఎక్కువగా బ్రాడ్ వీధి చేతిపంపు చుట్టూనే పడ్డాయి. హెన్రీ వైట్‌హెడ్ అనే అక్కడి చర్చి ఫాదరు ఇల్లిల్లూ తిరిగి అడిగిన వివరాలు దానికి బలమిచ్చాయి.

మన ఊళ్లో ఎలా చేయాలి? సర్వే నంబర్లున్న గ్రామ పటాన్ని పెద్ద డ్రాయింగ్ షీటు మీదికి ఎత్తుకోండి. బాటలు, వంకలు, బీళ్లు, వయ్యారిభామ బలిసిన గట్లు మొదటే గుర్తించండి. విత్తిన రెండో వారం నుంచి వారానికోసారి ప్రతి రైతూ తన చేలో 5 చోట్ల, చోటికి 20 మొక్కల చొప్పున చూడాలి. 100 మొక్కల్లో ఎన్నింటికి మొవ్వు, కాడ నల్లబడ్డాయో అంతే అంకె. గట్టు పక్కన ఎన్ని, చేను నడుమ ఎన్ని అన్నది విడిగా రాసుకోవాలి. అంకెను తన నంబరులో చుక్క పెట్టి రాయాలి. మొదటి వారం ఎరుపు, రెండో వారం నీలం, ఇలా వారానికో రంగు. విత్తిన తేదీ, రకం కూడా రాయండి.

ఇక్కడొక తిరకాసుంది. తెగులు లేని చేను రైతు "నాకేం లేదు కదా" అని రాడు. ఆయన్నే ముందు పిలవాలి. ఆ చేలో సున్నా పెట్టకపోతే బాగున్న చేనెవరిదో, చూడని చేనెవరిదో తేడా తెలియదు. ఆ పటం మిమ్మల్ని మోసం చేస్తుంది. ఫోన్లలో ఫొటోలు పంపుకుంటే చాలదా అంటారు కొందరు. ఫొటోలో మొక్క కనిపిస్తుంది గాని దాని పక్కనున్న బీడు కనిపించదు.

చుక్కలు బీటి పక్కన, బాట వెంబడి, గట్ల మొదట్లో ఎక్కువై, చేను నడుమకు పోయేకొద్దీ తగ్గితే వయ్యారిభామనే అనుమానించాలి. వేరు వేరు చోట్ల ఉన్నా ఒకే రకం వేసిన చేలల్లోనే కనిపిస్తే అప్పుడు విత్తనం గురించి అడగండి. ఒకే మడిలో గుంపుగా, ఏటా అక్కడే చచ్చిపోతుంటే మొదలుకుళ్లు లాంటి నేల తెగులు కావచ్చు. అయితే పటం చెప్పేది అనుమానమే. రోగం మొక్కలను వేళ్లతో సహా తీసుకుని కదిరి లేదా రేకులకుంట పరిశోధన స్థానంలో చూపించండి. పటాన్నీ వెంట తీసుకుపోండి.

వైరస్ సోకిన మొక్కను బతికించే మందు లేదు. అందుకే ఈ ఏటి పటం ఎక్కువగా వచ్చే ఏటికే పనికొస్తుంది. ఎర్రచుక్కలు పడ్డ వైపు వయ్యారిభామను పూతకు రాకముందే, చేతులకు తొడుగు వేసుకుని, అందరూ కలిసి పీకాలి. ఒకరు పీకి మరొకరు వదిలేస్తే పుప్పొడికి గట్టు అడ్డం కాదు. బీడు ఎవరిదీ కాకపోతే పంచాయతీలో అడగండి. చేను చుట్టూ 4 వరుసలు జొన్న గాని సజ్జ గాని వేసుకోవాలి. కిలో విత్తనానికి 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పట్టించాలి. షీటును చెదలు పట్టని చోట చుట్టి పెట్టి, వచ్చే ఖరీఫ్ దుక్కికి ముందు మళ్లీ పరవండి.