భాష చదివిన డిగ్రీకి బతుకుతెరువు ఎక్కడ?
ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఫ్రెంచి బి.ఏ. ఆనర్స్ పూర్తిచేసి ఇంటికొచ్చాను. నాన్న బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరమంటున్నారు. ‘ఆంధ్రా ప్యారిస్‌లో ఫ్రెంచి ఎవరితో మాట్లాడతావే’ అని బంధువులు నవ్వుతున్నారు. ట్రాన్స్‌లేటర్ ఉద్యోగాలకు ఎన్ని దరఖాస్తులు పెట్టినా పిలుపు లేదు. నా చదువు దండగేనా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: దండగ కాదమ్మా. మీరు వెతుకుతున్న చోటే సరిగ్గా లేదు. భాష వస్తే అనువాదమే ఉద్యోగంగా ఉన్న కాలం ఒకటుండేది. ఉప్పల లక్ష్మణరావు గారు, ఆర్. వెంకటేశ్వరరావు గారు మాస్కోలో ఉండి జీతానికి రష్యన్ పుస్తకాలను తెలుగు చేశారు. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల ఆ పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల ద్వారా మన ఊళ్లకు వచ్చేవి. 1991లో సోవియట్ యూనియన్‌తో పాటు ఆ కొలువులూ పోయాయి. ఇప్పుడు మామూలు ఉత్తరాన్నీ, వెబ్ పేజీనీ యంత్రం క్షణంలో అనువదిస్తోంది. అందుకే ఒట్టి ‘ట్రాన్స్‌లేటర్’ అనే మాటతో వెతికితే తలుపులు తెరుచుకోవడం లేదు.

ఇవాళ భాష మరో పనితో కలిసి అమ్ముడవుతోంది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లోని కంపెనీలు ఫ్రాన్స్, బెల్జియం, కెనడాల్లోని ఖాతాదారుల పని ఇక్కడి నుంచే చేస్తాయి. ఫ్రెంచి ఇన్వాయిస్ చదివి లెక్కల్లోకి ఎక్కించాలి, సరఫరాదారు ఫోన్ చేస్తే బదులు చెప్పాలి, ఫ్రెంచిలో వచ్చిన ఫిర్యాదు తీర్చాలి, యంత్రం చేసిన అనువాదంలో తప్పులు పట్టాలి. ఈ ఉద్యోగాల పేర్లలో అనువాదం అన్న మాటే కనిపించదు. ‘ఫ్రెంచి’ అని ఒక్క మాట కొట్టి వెతకండి, పక్కన అకౌంట్స్, కస్టమర్ సపోర్ట్, కంటెంట్ రివ్యూ వంటివి వస్తాయి.

రెండోది, డిగ్రీ పట్టా చూసి మీ ఫ్రెంచి ఎంతో కంపెనీవాళ్లు తేల్చుకోలేరు. వాళ్లు అడిగేది స్థాయి. యూరప్ భాషలకు ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లున్నాయి. ఫ్రెంచికి ఫ్రాన్స్ విద్యాశాఖ ఇచ్చే డెల్ఫ్ సర్టిఫికెట్‌కు గడువు తీరడమంటూ లేదు, ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. బీ2 సంపాదించండి. హైదరాబాద్‌లోని అలయన్స్ ఫ్రాన్సేజ్‌లో పరీక్ష తేదీలు కనుక్కోండి. రెజ్యూమెలో మీ పేరు కిందే ‘ఫ్రెంచి - బీ2’ అని రాయండి. పుట్టినతేదీ, హాబీలు ఆ తర్వాత.

మన పిల్లలు ఎక్కువగా తడబడేది మాట్లాడే పరీక్షలో. వ్యాకరణం కంఠతా వచ్చిన అమ్మాయి కూడా ఫోన్‌లో అవతలి మనిషి విసుక్కుంటే బిగుసుకుపోతుంది. రోజూ అరగంట ఫ్రెంచి రేడియో వినండి, విన్నది పైకి చెప్పి రికార్డు చేసుకోండి. కెనడాలోని క్యుబెక్ యాస వేరుగా ఉంటుంది, దాన్నీ చెవికి అలవాటు చేయండి. ఎక్సెల్, జీఎస్టీ ఇన్వాయిస్, టాలీ తెనాలిలో కూర్చునే నేర్చుకోవచ్చు.

పనివేళల గురించి ఇంట్లో ముందే చెప్పండి. ఫ్రాన్స్‌కూ మనకూ చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు తేడా. కాబట్టి మధ్యాహ్నం మొదలై రాత్రి పదింటి దాకా సాగే షిఫ్టు మామూలే. కెనడా పనైతే రాత్రంతా మేలుకోవాలి.

కాలేజీలో పాఠాలు చెప్పే పని మీద మనసుంటే యూజీసీ నెట్ ఫ్రెంచిలోనూ రాయొచ్చు. దానికి పీజీ కావాలి. మీ నాన్నగారి భయం న్యాయమైనదే. ఆయన్ని ఒక్క ఏడాది అడగండి, ఆ ఏడాదిలో బీ2 తెచ్చి చూపండి. ఈ లోపు కోచింగ్‌లో చేరితే రెండూ సగం సగం అవుతాయని నా అభిప్రాయం.

ప్రశ్న: మా అమ్మాయి జపనీస్‌లో డిగ్రీ చేసి, జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్3 స్థాయి పాసైంది. హైదరాబాద్‌లో ఆఫీసు ఉద్యోగం తనకు ఇష్టం లేదు, మనుషుల మధ్య పని కావాలంటుంది. భట్టిప్రోలు, అమరావతి వచ్చే బౌద్ధ యాత్రికులకు గైడుగా ఉంటానంటుంది. అది నిలబడే పనేనా?
- ఒక తండ్రి, బాపట్ల

జవాబు: అమ్మాయి ఆలోచన నాకు నచ్చింది. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే బయటికి తీసిన ధాతు కరండాలు, వాటి మీది బ్రాహ్మీ శాసనాలు ఎంత విలువైనవో యాత్రికుడి భాషలో చెప్పగల మనిషి మనకు కావాలి. కానీ ఏడాది పొడవునా ఇల్లు గడిచేంత రాబడి అందులో ఇంకా లేదు. సెలవు రోజుల పనిగా పెట్టుకోమనండి.

మనుషుల మధ్య పని మీ రైలు మార్గంలోనే ఉంది. బాపట్ల మీదుగా చెన్నై వెళ్లే లైనులో తడ దగ్గర శ్రీసిటీ. ఇసుజు, కొబెల్కో, డైకిన్ వంటి జపాన్ కంపెనీల ఫ్యాక్టరీలు అక్కడున్నాయి. జపాన్ ఇంజనీరు చెప్పేది మన ఆపరేటర్‌కు, ఆపరేటర్ చెప్పేది ఇంజనీరుకు చేరవేసే దుబాసి అలాంటి చోట్లే పనికొస్తుంది. అక్కడ పనికొచ్చేది కవిత్వంలోని జపనీస్ కాదు. బోల్టు, బేరింగు, లీకేజీ, భద్రత, నాణ్యత లోపం - ఈ మాటలు మూడు భాషల్లో నోటికి రావాలి. ఒక నోటుపుస్తకం పెట్టుకుని తనే పదకోశం తయారుచేసుకోవాలి. ఎన్3 దగ్గర ఆగకుండా పై మెట్టు ఎన్2 రాయాలి. జేఎల్‌పీటీ పరీక్ష జులైలో, డిసెంబరులో ఉంటుంది. చెన్నైలో ఏబీకే-ఏఓటీఎస్ దోసోకై నిర్వహిస్తుంది. దరఖాస్తు గడువు నెలల ముందే ముగుస్తుంది, జాగ్రత్త.

కొరియన్ చదివినవారు ఇదే పనికి కియా ఉన్న పెనుకొండ వైపు చూడొచ్చు.

ప్రశ్న: తమ్ముడు జపనీస్ డిప్లొమా చేశాడు. జపాన్‌లో ఉద్యోగం గ్యారంటీ, నాలుగు లక్షలు కట్టమని ఒక ఏజెంటు అంటున్నాడు. పొలం తాకట్టు పెట్టమంటారా?
- ఒక అక్క, రేపల్లె

జవాబు: పెట్టవద్దు. జపాన్ 2019లో మొదలుపెట్టిన ‘స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్’ వీసాకు కావలసినవి ఎన్4 స్థాయి భాష లేదా జేఎఫ్‌టీ-బేసిక్ అనే భాషా పరీక్ష, దాంతోపాటు ఆ పనికి సంబంధించిన నైపుణ్య పరీక్ష. వృద్ధుల సంరక్షణ పనికైతే ఆ రంగపు జపనీస్ పరీక్ష అదనం. ఇవి మీ తమ్ముడు రాసి పాసవ్వాల్సినవి, ఏ ఏజెంటూ గ్యారంటీ ఇవ్వలేడు.

విదేశాలకు మనుషుల్ని పంపాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. లైసెన్సున్న ఏజెంటు కూడా తీసుకోగల సేవా రుసుము ముప్పై వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. నాలుగు లక్షలు అడిగాడంటేనే మనిషిని అనుమానించాలి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లిన మన విశాఖ యువకులు కంబోడియాలో సైబర్ మోసాల ముఠాల చేతిలో చిక్కిన సంగతి 2024లో అందరం చదివాం.

ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూడండి. ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఏపీఎన్ఆర్‌టీ సొసైటీని కూడా అడగండి. నంబరు ఇవ్వడానికి నసిగితే ఆ మనిషితో మాటలు అక్కడితో ఆపేయండి, నంబరు సరిచూసుకునేదాకా ఒక్క రూపాయి కూడా చేతికివ్వకండి.