కళ్ళజోడు కుదురుగా కూర్చోవాలంటే



కళ్ళజోడు ఉండి కూడా పెట్టుకోని వాళ్ళను మేము హాస్టల్లో చాలామందిని చూశాం. అడిగితే "తలనొప్పి అన్నా", "జారిపోతోంది అన్నా" అంటారు. పవర్ మారిందేమో అనుకుని ట్రంకు పెట్టెలో పడేస్తారు. బోర్డు కనబడక పక్కవాడి నోట్సు చూసి ఎక్కించుకుంటారు. చివరకు లెక్కల్లో మొద్దు అని పేరొస్తుంది. అసలు లోపం చాలాసార్లు అద్దంలో కాదు, ఫ్రేములో ఉంటుంది. దిండు కింద పెట్టి పడుకుంటే ఏ ఫ్రేమైనా వంగుతుంది మరి!

కళ్ళద్దాలు ఇటలీలో 13వ శతాబ్దం చివర పుట్టాయి. చెవులకు తగిలించే కాడలు మాత్రం 18వ శతాబ్దంలో గానీ రాలేదు. అంటే జోడును ముఖం మీద నిలబెట్టడానికే మనిషికి నాలుగు వందల ఏళ్ళు పైన పట్టింది.

కుదురుగా లేకపోతే ఏమవుతుంది? దూరం కనబడనివారి మైనస్ అద్దం ముక్కు మీదికి జారితే దాని బలం కొంత తగ్గినట్టే. మీ చీటీలో సిలిండర్, యాక్సిస్ అని అంకెలుంటే ఇంకా జాగ్రత్త. యాక్సిస్ అంటే కోణం. జోడు పక్కకు వాలితే ఆ కోణమూ వాలుతుంది, చూపు మసకబారుతుంది.

ముందు పరీక్ష చేయండి. కాడలు తెరిచి జోడును చదునైన బల్ల మీద పెట్టండి. ఒక కాడ గాలిలో లేస్తే ఫ్రేము మెలితిరిగినట్టు. తరువాత పెట్టుకుని అద్దంలో చూసుకోండి. ఇక్కడ చాలామంది తికమకపడతారు. కుడివైపు పైకి లేచి ఉంటే కుడి కాడను కిందికి వంచాలనిపిస్తుంది. కానీ పైకే వంచాలి. చెవి కదలదు కదా, కాడ పైకి వంగితే ముందున్న అద్దమే కిందికి దిగుతుంది. అలాగే ఒక అద్దం ముఖానికి మరీ దగ్గరగా ఉంటే ఆ వైపు కాడను లోపలికి, దూరంగా ఉంటే బయటికి వంచాలి. పైకి ఉంటే పైకి, లోపలికి ఉంటే లోపలికి అని గుర్తుపెట్టుకోండి చాలు.

జారిపోతుంటే చెవి వెనుక వంపును కాస్త కిందికి పెంచండి. ముక్కు మీద బిళ్ళలున్న లోహపు ఫ్రేమైతే బిళ్ళలను రెండు వైపులా సమానంగా దగ్గరికి నొక్కండి, జోడు పైకి లేస్తుంది. దూరం జరిపితే కిందికి దిగుతుంది.

లోహాన్ని చల్లగానే, కొంచెం కొంచెంగా వంచవచ్చు. ప్లాస్టిక్ కాడను మాత్రం చెయ్యి ఓర్చుకునేంత వేడినీళ్ళలో అర నిమిషం ఉంచి వంచి, అలాగే పట్టుకుని చల్లారనివ్వాలి. అద్దాలకు వేడి తగలకూడదు, పైపూత పగుళ్ళు వారుతుంది. కొవ్వొత్తి, స్టవ్ మంట జోలికి అసలు పోవద్దు. ఎటు వంచినా తిరిగి మొదటికొచ్చే రబ్బరు లాంటి ఫ్రేములతో కుస్తీ పట్టకండి. కీలు దగ్గర స్క్రూ వదులైతే చిన్న స్క్రూడ్రైవరుతో బిగించి, తల మీద గోళ్ళరంగు ఒక చుక్క వేయండి. ఫెవిక్విక్ వద్దు, దాని ఆవిరి అద్దం మీద తెల్లగా పడుతుంది.

సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు నాయనమ్మ జోడు కూడా చూడండి. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగులో మన ఊళ్ళలో ఎంతోమంది పెద్దవాళ్ళకు ఉచితంగా అద్దాలు వచ్చాయి. "నొప్పి పుడుతుంది బిడ్డా" అని గూట్లో పెట్టినవి మేము ఎన్నో చూశాం. వాటిలో కొన్నింటికి కావలసింది చెవి వెనుక చిన్న వంపే.

సరిచేశాక కూడా వారం రోజులు తలనొప్పి ఉంటే కళ్ళ డాక్టరుకు చూపించండి. ఫ్రేములో పగులు కనిపిస్తే మాత్రం ఇంట్లో ముట్టుకోకుండా షాపుకే వెళ్ళండి. సికింద్రాబాద్‌లో జనరల్ బజారు వైపు వెళ్తే అద్దాల షాపులకు కొదవలేదు. వంపు సరిచేయడానికి చాలా షాపుల్లో డబ్బులు అడగరు. సిగ్గుపడకుండా అడగండి, పవర్ చీటీ కూడా జేబులో పెట్టుకుని వెళ్ళండి.